ముగింపు ముందే చెప్పేసే పిన్ని

మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగు జరిగిన రోజు హిందీ టీచరు నన్ను పక్కకు పిలిచి పరీక్ష పేపరు చూపించింది. అందులో ఒక చిన్న కథ ఇచ్చి, దీనివల్ల మనకు తెలిసే నీతి ఏమిటని అడిగారు. మా పిల్ల ఒకటే వాక్యం రాసింది. ఇంకా తెలియలేదు, ఇంకోసారి చదవాలి అని. టీచరు నిజంగానే బెంగపడుతోంది. తెలివైన పిల్ల ఇలా రాసిందేమిటి, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని మెల్లగా అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ చిన్నబుచ్చుకుందనుకుంటాను. కానీ నేనేమని చెప్పను? ఆ మాట మా పిల్లకు నా దగ్గర నుంచి వచ్చింది. నాకు పిన్ని దగ్గర నుంచి వచ్చింది. పిన్ని పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు కాదు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంటి చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఏదో ఒక వరస. మా నాన్నది శ్రీకాకుళం, ఆవిడది విజయనగరం. ఆ మాత్రం చాలు చుట్టరికానికి. రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. గుఢియారీలో, పట్టాలకు దగ్గరగా, ధాన్యం కొట్టు మీది అంతస్తులో సొంత ఇల్లు. భారీ మనిషి. నోట్లో ఎప్పుడూ పాన్. మెట్లెక్కి వచ్చేవాళ్ళ అడుగుల చప్పుడు విని ఎవరో చెప్పేది, తప్పు చెప్పినా ఒప్పుకునేది కాదు. తన గొంతు మీద మహా గర్వం. కథలో ముసలివాడు వస్తే ముసలివాడి గొంతు, పోలీసు వస్తే పోలీసు గొంతు పెట్టి చదివేది. ఇంకొకరు చదువుతుంటే మాత్రం గోడకు చేరబడి హాయిగా కునుకు తీసేది. నిద్రపోయారని ఎవరైనా అంటే, కళ్ళు మూసుకుంటే బాగా వినపడుతుందని దబాయించేది.

నేను ఆవిడ దగ్గర చేరిన రోజు బాగా గుర్తు. అప్పుడే బి.ఏ. అయింది. చదువంతా హిందీలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడతాను గానీ చదవడమంటే, షాపు బోర్డులో ఒక్కో అక్షరం కూడబలుక్కోవడమే. ఊరి నుంచి వచ్చే శుభలేఖలన్నా చదువుకోవాలి కదా అని మా అమ్మ ఒక టిఫిన్ డబ్బా చేతికిచ్చి పిన్ని ఇంటికి పంపింది. ఆ రోజు శనివారం, పిన్ని ఇంట్లో అందరూ చేరి కథలు చదువుకునే రోజు. అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఇద్దరు రిటైరైన మగవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. పిన్ని డబ్బా మూత తీసి, పులిహోర వాసన చూసి, పక్కన పెట్టి, నా చేతికి ఒక పత్రిక ఇచ్చి చదవమంది.

చదివాను. చదివాననడం కన్నా తవ్వాననడం నయం. ఒక ఒత్తు దగ్గర ఆగి, ఒక గుణింతం దగ్గర తప్పి, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టి, ఒక్క పేజీ అయ్యేసరికి నాకు పోసిన టీ చల్లారిపోయింది. అందరిముందూ తల ఎత్తలేకపోయాను. పిన్ని మాత్రం మిగతావాళ్ళ వైపు తిరిగి, చూశారా అంది.

“ఇలాగ చదవండర్రా అని ఇన్నాళ్ళూ మొత్తుకుంటన్నాను. మీరు గబగబా చదివీసి కథ అయిపోయిందనీస్తారు. ఈ పిల్ల చూడండి, ఒక్క మాటనీ ఊరికినే వదల్లేదు.”

వెక్కిరిస్తోందేమో అనుకున్నాను. కాదు. ఆ తర్వాత వారం నన్నే మళ్ళీ చదవమంది. తెలుగు నాకు ధారాళంగా వచ్చేశాక, నువ్వు పాడైపోయావే అని నిజంగానే బాధపడింది.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. కథ మొదలుపెట్టే ముందు రాసినవారి పేరు మీద ఒక కాగితం ముక్క అన్నం మెతుకుతో అంటించేది. పేరు చూస్తే దాని వెంటే పోతారట. తర్వాత ముగింపు చెప్పేసేది. చివరికి ఫలానావాడు చచ్చిపోతాడు, లేదా పెళ్ళి ఆగిపోతుంది అని చెప్పేసి, పాన్ ఒక పక్కకు నెట్టి, అప్పుడు మొదటి లైను అందుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళు గోల పెట్టేవారు. సస్పెన్స్ పోయింది, ఇంకేముంది వినడానికి అని. ఇప్పుడే ఉంది అనేది పిన్ని. ఏమవుతుందో అన్న తొందర తీరిపోయింది కాబట్టి, ఎలా అయిందో, ఎందుకయిందో ఆరామ్‌గా చూసుకోవచ్చని ఆవిడ లెక్క.

బాగుంది అన్న మాట ఆ ఇంట్లో నిషేధం. అన్నవాళ్ళకు టీ ఉండదు. కథ బాగుందో లేదో నీ సంగతి, కథలో ఏం జరిగిందో అది చెప్పు అనేది. జరిగింది చెబితే, ఆవిడ తన ప్రశ్నలు మొదలుపెట్టేది. కథలో ఆ గదిలో ఉన్నవాళ్ళలో మాట్లాడనిది ఎవరు? ఈ సంగతి మనకు చెబుతున్నది ఎవరు, ఆ మనిషికి ఇది ఎలా తెలిసింది? నీతి గురించి ఎవరైనా ఎత్తితే మాత్రం, ఇంకా తెలియలేదు, ఇంకోసారి చదవాలి అని చేయి అడ్డంగా ఊపేది.

మధ్యలో గూడ్సు బండి వచ్చేది. ఒక్కోసారి చాలా పొడుగు బండి. చదవడం ఆపక తప్పేది కాదు. ఆ చప్పుడులో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ, ఆగిన వాక్యాన్నే మనసులో తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. రైల్వేవాళ్ళు కథలకు చేసిన సాయం ఇది అని పిన్ని అంటుండేది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. ఎక్స్ఛేంజిలో అంది. టెలిఫోన్లో మనిషి కనపడడు. ఓకే అంటాడు, ఆ ఓకే ఓకే కాదని దానికి ముందు తీసిన ఊపిరిని బట్టి తెలుస్తుంది. మాట కన్నా, మాట ముందు మనిషి ఎక్కడ ఆగాడో అది వినాలి. కథ రాసేవాళ్ళు కూడా అంతేనట, ముఖ్యమైనది గట్టిగా చెప్పరట.

సరళ వచ్చింది ఆ రోజుల్లోనే.

సరళది వరంగల్ వైపు. ఆమె భర్త ఉర్లాలో ఒక స్టీలు ఫ్యాక్టరీలో ఇంజనీరు. తనూ డిగ్రీ చదివింది. కొత్త కాపురం, ఊరు కొత్త, హిందీ అంతంత మాత్రం, పగలంతా ఒక్కతే. తెలుగువాళ్ళు కలుస్తారని ఎవరో చెబితే వచ్చింది. మొదటిరోజే, టీ తాగుతూ మాటల మధ్య, మా అమ్మ మామిడికాయ తొక్కు పంపింది, మీకు తెస్తా అంది. మేమంతా కోస్తా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళం. వాళ్ళ వైపు ఊరగాయను తొక్కు అంటారు, మాకు తొక్కు అంటే పారేసే తొక్కే. ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఒకావిడ, మాకు తొక్క వద్దులేమ్మా, కాయ పంపు అంది. చెడ్డ మనుషులు కారు, నవ్వుకోవడానికి ఒకటి దొరికింది, అంతే. సరళ కూడా నవ్వింది. తర్వాతి వారం వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఆ పైన చాలా నెలలు ప్రతి శనివారం వచ్చింది, వింది, వెళ్ళింది. నోరు విప్పలేదు.

పిన్నికి తెలుసు. కానీ ఆమెను ఎప్పుడూ అడగలేదు, మాట్లాడమ్మా అని బతిమాలలేదు. పిలిచి మాట్లాడిస్తే పరీక్షలా ఉంటుంది, మాట తనంతట వస్తే దానికి బలం ఉంటుంది అంది నాతో. ఆ నవ్విన ఇద్దరికీ మాత్రం చాలాకాలం టీ కాస్త చప్పగా వచ్చేది.

ఒక వేసవిలో పిన్ని తనకు అన్నిటికన్నా ఇష్టమైన కథ తీసింది. అట్ట చిరిగిపోయిన పాత పత్రికలోది. రాసినవారి పేరు కూడా ఆ చిరుగులోనే పోయింది. అందులో అక్కచెల్లెళ్ళు ఇద్దరు. తండ్రి పోయాక ఇల్లు ఇద్దరిదీ. పెళ్ళి చేసుకోని అక్క, చెల్లెలి కుటుంబంతో కలిసి అక్కడే ఉంటుంది. ఒక సాయంత్రం మరిదికీ ఆమెకూ ఇంటి విషయంలో మాటా మాటా పెరుగుతుంది. అక్క, ఇల్లు మీరే ఉంచుకోండి అనేసి, తెల్లవారి మొదటి బస్సుకు ఒక్క పెట్టెతో వెళ్ళిపోతుంది. చెల్లెలు వాకిట్లో నిలబడి ఏడుస్తుంది. బస్సు మలుపు తిరిగేదాకా అక్క వెనక్కి చూడదు. ఈ కథ మనకు చెప్పేది చెల్లెలు.

ఎంత పెద్ద మనసు అని మేమంతా అన్నాం. పిన్ని కూడా అదే మాట అంది. ఎన్నో ఏళ్ళుగా ఆ కథను త్యాగం కథగానే చదివి, చివరి పేజీలో గొంతు జీరబోయేలా చదవడం ఆవిడకు అలవాటు. ఆ రోజు కూడా జీరబోయింది. పత్రిక మూయబోతుంటే గుమ్మం దగ్గర నుంచి సరళ, అమ్మా, ఒక మాట అంది. అందరం వెనక్కి తిరిగాం.

“ఆమె గొడవైనందుకు పోలేదమ్మా. ముందే పోదామనుకున్నది. మొదటి పేజీల పొద్దుగాల్నే వెల్లుల్లి ఎయ్యని జాడీ పక్కింటామెకు ఇచ్చేసింది గదా. తర్వాత అన్నం తినే కాడ చెల్లెలు చెప్తది, మా ఇంట్ల వెల్లుల్లి ముట్టనిది అక్క ఒక్కతే అని.” అక్కడ ఆగింది. ఊరగా, అని సగం అని, ఆపేసి, గట్టిగా చెప్పింది. “ఉండేటిదైతే ఏడాదంత తాను తినే తొక్కు ఎవరికన్న ఇస్తదా?”

ఎవరూ నవ్వలేదు. పిన్ని పత్రిక మళ్ళీ తెరిచింది. మొదటి పేజీ చూసింది. ఆవకాయ పెట్టిన వారం, వెల్లుల్లి వేయని జాడీకి గుడ్డ కట్టి, అక్క గోడ మీదుగా పక్కింటికి అందిస్తుంది. మేమంతా ఎన్నోసార్లు విన్న వాక్యమే. మంచి మనిషి, ఇరుగుపొరుగుకు పెడుతోంది అనుకుని దాటిపోయాం. పిన్ని వేలు అక్కడే ఉంచి, రెండో చేత్తో పేజీలు తిప్పి, భోజనాల దగ్గరి లైను వెతికి పట్టుకుంది. రెండు పేజీల మధ్యా చూపు అటూ ఇటూ తిరిగింది. ఆ తర్వాత గొడవ పడే చోటు చదివింది, ఈసారి ఏ గొంతూ పెట్టకుండా. గొడవ మొదలుపెట్టింది అక్కే. ఇంటి మాట మొదట ఎత్తింది ఆమే. వెళ్ళిపోవడానికి ఆమెకు ఒక కారణం కావాలి, దాన్ని తయారు చేసుకుంది. వెనక్కి చూడకపోవడం ఏడుపు దాచుకోవడానికి కాదు, ముందున్నది చూసుకోవడానికి. పాపం చెల్లెలికి ఇదేమీ తెలియదు. తనకోసం అక్క ఇల్లు వదులుకుందనుకుని జీవితమంతా ఏడుస్తూ మనకు చెబుతోంది.

“ఇన్నేళ్ళూ ఈ కథని తప్పు చదివీసేనర్రా,” అంది పిన్ని.

ఓడిపోయిన మనిషి గొంతు కాదు అది. లాటరీ తగిలినవాళ్ళు కూడా అంత సంతోషంగా ఉండరు. మోకాళ్ళ నొప్పి మనిషి చాప మీద నుంచి తనంతట తను లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, సరళ రెండు చెంపలూ పట్టుకుని, ఇష్టమైన కథ ఈ రోజు మళ్ళీ కొత్తదైంది అంది. కింద కొట్టువాళ్ళను కేకేసి జిలేబీ తెప్పించింది. ఏం పండగ అని వాళ్ళు అడిగితే, మా పిల్ల నన్ను ఓడించింది అని హిందీలో వీధంతా వినపడేలా చెప్పింది. తర్వాతి శనివారం సరళ ఒక సీసా తెచ్చింది. తొక్క వద్దన్న ఆవిడ ముందుగా చేయి చాపింది.

తర్వాత కొన్నాళ్ళకు పిన్నికి గొంతులో గడ్డ కనపడింది. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు గానీ గొంతు పోయింది. మిగిలింది గుసగుస. మెట్లు కూడా కష్టమని, శనివారాలు తెలుగు సంఘం హాలు పక్కనున్న చిన్న గదిలోకి మారాయి. ఆవిడ ముందు వరసలో కూర్చుని, తప్పు చదివినవాళ్ళను చేతికర్రతో నేలమీద కొట్టి ఆపేది. గొంతు గురించి ఒక్కసారి కూడా బాధపడినట్టు కనపడలేదు. నేను చూడనప్పుడు పడి ఉంటుంది.

సంఘంవాళ్ళకు ఆ గది కావలసి వచ్చింది. వంట సామాను, షామియానా గుడ్డలు పెట్టుకోవడానికి. కథల కోసం వచ్చేది పదిమంది, సామాను అందరిదీ అన్నారు సెక్రటరీగారు. అది అబద్ధం కాదు. పిన్ని ఆలోచించి, ఉగాది సభలో ఒక కథ చదవనివ్వండి, జనం కూర్చుంటే గది మాది, లేచిపోతే సామానుది అంది. ఆయన తల పట్టుకున్నారు. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, సన్మానాలు, భోజనాలు. టైము ఎక్కడుంది? ఆ సన్మానాల్లో పిన్నిది కూడా ఒకటి. ఇన్నేళ్ళ సేవకు శాలువా కప్పాలని అంతకుముందే తీర్మానించారు. ఆ శాలువా నాకొద్దు, ఆ టైము కథకియ్యండి అంది. ఆయనకు కాదనడానికి దారి లేకపోయింది.

ఎవరు చదువుతారంటే నా వైపు చూశారు. నేను కూడా నేనే అనుకున్నాను. పిన్ని కర్రతో సరళను చూపించింది. లోపల కొంచెం చివుక్కుమంది గానీ, చదవబోయే అక్కచెల్లెళ్ళ కథ సరళదేనని నాకూ తెలుసు. సెక్రటరీగారు మాత్రం ఇబ్బందిపడ్డారు. అమ్మాయి మంచిదే, కానీ స్టేజీ మీద ఆ యాస అయితే ఎలా, కాస్త మంచి తెలుగు ఉండాలి కదా అన్నారు. సరళ అక్కడే నిలబడి ఉంది. పిన్ని ఆయన్ని దగ్గరకు రమ్మని సైగ చేసింది. ఆయన వంగి చెవి పెట్టాల్సి వచ్చింది.

“మంచి తెలుగంటే కథ అర్థమైన తెలుగు. అది మీకన్నా నాకన్నా ఆ పిల్ల దగ్గరే ఉంది.”

ఉగాది నాడు సరళ మైకు ముందుకొచ్చేసరికి హాలు ఎలా ఉండాలో అలాగే ఉంది. డాన్సులు అయిన పిల్లలు పరుగులు పెడుతున్నారు, వెనక ప్లేట్లు గలగలమంటున్నాయి, సగంమంది భోజనాల వైపు నడుస్తున్నారు. సరళ ఏమీ చదవకుండా, ఈ కథల అక్క ఇల్లు ఇడిసిపెట్టి పోతది, ఎందుకు పోయిందో మీరే చెప్పాలె అంది. అంతే, మొదలుపెట్టింది. కథ అచ్చులో ఉన్నట్టే చదివింది గానీ, అక్క మాటలు వచ్చినచోట తన ఊరి మాటలోకి మార్చి పలికింది. అలా పలికితే అక్క ఎంత స్థిరంగా ఉన్న మనిషో మాకు తెలిసింది. పిన్ని అన్ని గొంతులు పెట్టినా ఆ గొంతు మాత్రం ఎన్నడూ పెట్టలేకపోయింది.

భోజనాలకు నడుస్తున్నవాళ్ళు నిలబడ్డారు. నిలబడినవాళ్ళు కూర్చున్నారు. వడ్డనవాళ్ళు గరిటెలతోనే వచ్చి గుమ్మంలో నిలుచున్నారు. కథ అయ్యాక, ఎందుకు పోయింది అని సరళ అడిగింది. త్యాగం అన్నారు చాలామంది. జాడీ సంగతేమిటి అంది సరళ. వెనక వరసలో ఒక ముసలావిడ, అయ్యో అవును కదా అంది. అక్కడి నుంచి ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. చెల్లెలిని మోసం చేసిందని కొందరు, తన బతుకు తను చూసుకోవడం మోసమా అని కొందరు. భోజనాల దగ్గర కూడా అదే గొడవ. రిటైరైన రైల్వే గార్డుగారొకాయన, ఎంత మాటొచ్చినా ఇంటి ఆడది అలా వెళ్ళిపోకూడదని పెద్దగా వాదిస్తున్నారు. పక్కనే ఆయన భార్య పులిహోర వడ్డించుకుంటూ చాలా మామూలుగా అంది.

“నేనూ ఓపాలి పెట్టె సర్దీసేనండి. మీరు డ్యూటీ నుంచొచ్చి, పెట్టె మీదున్న నా టోపీ ఏదే అని అడిగేరు.”

ఆయన ప్లేటు పట్టుకుని ఆవిడ వైపు తిరిగారు. ఎప్పుడు అని అడిగారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ గోడవారన రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ప్లేట్లలో అన్నం చల్లారిపోయింది.

గది గురించి సెక్రటరీగారిని ఎవరూ అడగలేదు. ఆయనే వచ్చి తాళంచెవి పిన్ని ఒళ్ళో పెట్టి, నాదొక అనుమానం, అసలు చెల్లెలికి కూడా లోలోపల తెలుసేమో అని మొదలుపెట్టారు. పిన్ని ఆయన్ని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

మధ్యాహ్నం వాలిపోయినా జనం కదల్లేదు. అద్దె కుర్చీల మనిషి వచ్చాడు. ఈ ఊరివాడే, తల నెరిసినవాడు. ఖాళీ అయిన కుర్చీలు మడిచి భుజాన వేసుకుంటూ ఒక్కో గుంపు దగ్గరా ఆగి చూస్తున్నాడు. ఇల్లు అన్న మాట తప్ప తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ ఇల్లు ఇల్లు అని అందరూ చేతులు తిప్పుతూ వాదించుకోవడం చూస్తున్నాడు. చివరికి పిన్ని దగ్గరికి వచ్చి, “కా హోగే దాయీ, కాకర్ ఘర్ కే ఝగరా ఆయ్?” అని భయంగా అడిగాడు. ఏమైందమ్మా, ఎవరింటి తగాదా ఇది అని.

పిన్ని నవ్వింది. చప్పుడు లేని నవ్వు, ఒళ్ళంతా కదిలిపోయింది. అతన్ని వంగమని, ఆ గుసగుసలోనే, అతని ఛత్తీస్‌గఢీలోనే, అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. కొంతసేపు అతను కుర్చీల బరువుతోనే వంగి విన్నాడు. ఆ పైన భుజం మీది కుర్చీలు ఒక్కొక్కటే కిందకు దించి, అందులో ఒకటి విప్పి, ఆవిడ ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.